కుడివైపు

నడుం కింది భాగం తనది కాకుండా పోయిందని పవిత్రన్‌కి తెలుస్తూనే ఉంది. వెన్నులో సూది గుచ్చిన కాసేపటికి కాళ్లలోకి వేడి పాకింది. తర్వాత ఆ వేడి కూడా పోయింది. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ తెరలా కట్టారు. దాని అవతల ఏం జరుగుతోందో కనిపించదు. ఇవతల అతనూ, తల దగ్గర స్టూలు మీద మత్తు డాక్టరూ మాత్రమే ఉన్నారు.

తెర అవతల డాక్టర్ కురియాకోస్ తను కట్టుకుంటున్న ఇంటి పైకప్పు గురించి చెబుతున్నాడు. పెంకు వేయించమని భార్య, పెంకులైతే కోతులు బతకనివ్వవని కొడుకు. ఈ గొడవ తేలేలోపు వానలు వచ్చేట్టున్నాయట. మత్తు డాక్టరు నవ్వాడు. పవిత్రన్‌కి కూడా నవ్వొచ్చింది. పెద్ద డాక్టరింట్లో కూడా కోతుల గొడవే అన్నమాట.

"సార్, కుడివైపు కదా?"

ఆ గొంతు నర్సు జిన్సిది. పొద్దున చేతికి సూది పెడుతూ, "బస్తాలు మోసే చేతిలో ఇంత సన్న నరమేంటి చేట్టా? ఎవరిదైనా అరువు తెచ్చుకున్నారా?" అని నవ్వించిన పిల్ల. తనకంటే పెద్దవాళ్లని చేట్టా, అంటే అన్నా, అనే పిలుస్తుంది.

పైకప్పు మాట ఆగిపోయింది.

"ఏంటి?"

"ఈయనకి కుడివైపు అని... ఇందాకటాయనకే ఎడమ."

"నువ్వు పుట్టకముందు నుంచీ కోస్తున్నానమ్మాయ్. ఏ వైపో నువ్వు చెప్పాలా నాకు? కత్తి ఇలా ఇవ్వు."

పవిత్రన్ నోరు తెరిచాడు. కుడివైపే సార్ అన్న మాట నాలుక దాకా వచ్చింది. అంతలోనే, డాక్టరు కుడివైపే నిలబడి ఉంటాడు, పిల్ల అలవాటు కొద్దీ అడిగి ఉంటుంది అనుకున్నాడు. తన కడుపు మీద డాక్టరు చేతులు ఎటు ఆనుతున్నాయో తెలియని స్థితిలో తనేం చెబుతాడు? పైగా చెప్పాల్సిన వాళ్లు చెప్పారుగా. నోరు మూసుకున్నాడు.

కొట్టంకడవు బజారులో కూలీల సంఘం తరఫున లారీకి అడ్డం నిలబడి, యజమాని కారు తాళం లాక్కుని, "ముందు మాట్లాడు, తర్వాత కదులు" అన్న మనిషతను. ఆ సంగతి ఆ బల్ల మీద అతనికి గుర్తు రాలేదు.

ఇనుప సామాను చప్పుడు వినిపించింది. ఏదో కాలిన వాసన తెర దాటి వచ్చింది. కొంతసేపయ్యాక కురియాకోస్ గొంతు, ఎవరితోనో కాదు, తనలో తను అన్నట్టు, "ఏం లేదే ఇక్కడ" అంది. తర్వాత ఆయన ఇంకేం మాట్లాడలేదు. పైకప్పు సంగతి ఏం తేలిందో పవిత్రన్‌కి తెలియలేదు.

*

మర్నాడు పొద్దున రాధామణి వేడినీళ్లలో తువ్వాలు పిండి అతని ఒళ్లు తుడుస్తోంది. బడిలో పిల్లలకి గంజీ పెసలూ వండే చేతులు ఆమెవి. తుడిచినా కడిగినట్టే ఉంటుంది. దుప్పటి పక్కకి లాగి ఆగిపోయింది.

"ఇదేంటి?"

"ఏంటి?"

"కట్టు ఇటుందేంటి?"

"ఎటుంది?"

"మీ ఒంటి మీద కట్టు ఎటుందో నన్నడుగుతారేంటి? ఎడంవైపుంది. పేగు జారింది ఎటు?"

పవిత్రన్ పైకప్పుకేసి చూశాడు. "ఎడంవైపు నుంచి కోసి కుడివైపు సరిచేస్తారేమో. డాక్టర్లకి తెలీదా?"

"మీరు బస్తా ఒక లారీలోంచి ఎత్తి ఇంకో కొట్లో దింపుతారే, అలాగా?" ఆమె తువ్వాలు బకెట్లో పడేసి, చెయ్యి తుడుచుకుని, అతని కుడి గజ్జ మీద అరచెయ్యి ఆనించింది. "దగ్గండి."

"నొప్పేస్తుందే."

"ఒక్కసారి దగ్గండి."

దగ్గాడు. ఎడమపక్క కుట్లు సలుపుతో లాగాయి. కుడిపక్క ఆమె అరచేతి కింద మెత్తటి ఉండ ఎప్పటిలాగే పైకి లేచి, దగ్గు ఆగగానే నెమ్మదిగా లోపలికి జారుకుంది. ఆమె చెయ్యి తియ్యలేదు. అక్కడే ఉంచి అతని మొహంలోకి చూసింది. అతను మొహం తిప్పుకున్నాడు. పక్క మంచం మీది ముసలాయన తన గంజి గిన్నెలోకి చూడటం మొదలుపెట్టాడు.

కురియాకోస్ రౌండ్లకి వచ్చినప్పుడు వెనక నలుగురు ఉన్నారు. వాళ్లలో జిన్సి లేదు. రాధామణి మంచం కాళ్ల దగ్గర నిలబడి అడిగింది. ఆయన మొహంలో ఏ మార్పూ రాలేదు.

"రెండు వైపులా ఉందమ్మా. ఎడంవైపు లోపలే ఉంది, బయటికి తెలీదు. అది ముందు సరిచేశాం. కుట్లు మానాక కుడివైపు చేద్దాం. కంగారు పడకండి."

"మరి ముందు చెప్పలేదేం సార్?"

"కోశాకే కదా తెలిసేది." పవిత్రన్ భుజం తట్టాడు. "ఏం పవిత్రన్, బాగున్నావుగా?"

"బాగున్నాను సార్," అన్నాడు పవిత్రన్. ఒకప్పుడు ఆపరేషన్ చేసి పవిత్రన్ తల్లిని బతికించింది ఆ చెయ్యే. భుజం మీద దాని బరువు బాగానే అనిపించింది. కానీ 'ఏం లేదే ఇక్కడ' అన్న మాట చెవిలోంచి పోలేదు.

ఆయన వెళ్లాక రాధామణి అంది, "రెండు వైపులా ఉంటే, ఉందని తెలిసిన వైపు వదిలేసి తెలీని వైపు కోస్తాడా ఎవడైనా? మా బడిలో ఒకటో తరగతి పిల్లని అడగండి, చెబుతుంది."

"నెమ్మదిగా అనవే."

"నేను అరవలేదు. అరిస్తే మీకు తెలుస్తుంది." చీర కుచ్చిళ్లు సవరించుకుని, చెప్పులేసుకుని, కింద అంతస్తులో సూపరింటెండెంట్ వత్సల గదికి వెళ్లిపోయింది.

*

రెండు రోజులు వాన పడుతూనే ఉంది. వార్డు కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి గేటు దగ్గర ఆటోలవాళ్లు ఒకే గొడుగు కింద ముగ్గురేసి నిలబడి టీ తాగుతున్నారు. పవిత్రన్ కడుపు పట్టుకుని మంచం చుట్టూ నడవడం నేర్చుకున్నాడు.

సంఘం కార్యదర్శి అలియార్ తడిసిన నీలం చొక్కాతో వచ్చాడు. మంచం అంచున కూర్చోబోయి, నర్సు కళ్లెర్ర చేస్తే లేచి నిలబడ్డాడు.

"చెప్పు. గేటుకి అడ్డం కూర్చుంటామా? మనవాళ్లు రెడీగా ఉన్నారు."

"ఏమొద్దు."

"ఏమొద్దా? నీ పొట్ట తప్పు కోశారు పవిత్రా! ఉల్లిపాయల బస్తా పొరపాటున పక్క కొట్లో దించితే ఆ సేట్ మనల్ని ఎన్ని మాటలంటాడు?"

"నేనేం ఉల్లిపాయల బస్తానట్రా?"

"దానికైతే ఎవరో ఒకరు అడుగుతారు. నీకు అదీ లేదు." అలియార్ నవ్వాడు. పవిత్రన్ నవ్వితే కుట్లు లాగాయి. పొట్ట పట్టుకున్నాడు. "నవ్వించకు. వెళ్లి పని చూసుకో. నేను చెబితే అప్పుడు రా."

సాయంత్రం రాధామణి గంజీ, కాల్చిన అప్పడం, పచ్చిమామిడి పచ్చడి తెచ్చింది. స్టీలు గిన్నెలో గంజి పోసి చేతికిచ్చి, తను స్టూలు మీద కూర్చుంది. మొహంలో కాస్త తెరిపి కనిపించింది.

"వత్సల మేడం పిలిచింది. తప్పు జరిగిందని ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నారా?"

"ఆ నర్సుపిల్ల, జిన్సి, దానిదట తప్పు. కోసేముందు ఏ వైపో డాక్టరుకి గుర్తుచెయ్యాల్సింది తనేనట. చెప్పలేదట. పనిలోంచి తీసేస్తున్నారు. రెండో ఆపరేషన్ వాళ్లే ఊరికే చేస్తారు. రేపు మనల్ని కూర్చోబెట్టి అంతా చెబుతారట."

అప్పడం అతని పళ్ల మధ్య విరగకుండా ఉండిపోయింది.

"ఆ పిల్ల ఏమందట?"

"అడిగానంటోందట. ఎవరూ వినలేదు. మత్తు డాక్టరుకి గుర్తులేదట. ఏదో ఒకటి చెబుతారు కదా, ఉద్యోగం పోతుంటే." రాధామణి గిన్నెలోకి చూసింది. "తినండి. గంజి చిక్కబడిపోతోంది."

అతను తిన్నాడు. రుచి తెలియలేదు. ఈమెకి ఇప్పుడే చెప్పేస్తే బాగుండుననిపించింది. చెబితే మొదట అడిగేది ఒకటే: మీరేం చేస్తున్నారప్పుడు? దానికి జవాబు తయారుచేసుకునేలోపు ఆమె గిన్నెలు కడగడానికి లేచింది.

ఆమె అటు వెళ్లగానే వార్డు తలుపు దగ్గర జిన్సి కనిపించింది. తెల్లబట్టల్లో లేదు. మామూలు చుడీదారు, చేతిలో మూసిన గొడుగు, గొడుగు కొసన నీళ్లు. హాస్టల్ గది ఖాళీ చెయ్యమన్నారు కాబోలు, భుజానికి పెద్ద సంచి ఉంది. అటూ ఇటూ చూసి మంచం దగ్గరికొచ్చింది. అడక్కుండానే దుప్పటి కాస్త తొలగించి కట్టు అంచులు వేలితో నొక్కి చూసింది.

"ఎర్రబడలేదు. జ్వరమేమైనా వచ్చిందా?"

"లేదు తల్లీ."

"దగ్గేటప్పుడు దిండు పొట్టకి అదిమి పట్టుకోండి. కుట్లు లాగవు." దుప్పటి సర్ది, నిలబడి, గొడుగు పిడిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "చేట్టా, ఒకటడగనా? థియేటర్లో మీకు మెలకువగానే ఉందా? అంటే... నేను సార్‌ని ఒక మాట అడిగాను. మీకేమైనా వినిపించిందా?"

పవిత్రన్ ఆ అమ్మాయి చెప్పుల్లోని తడి పాదాలకేసి చూశాడు.

"నిద్రపట్టేసింది తల్లీ. ఏం తెలీదు."

"అవును, కొందరికి పడుతుంది," అందామె. నమ్మినట్టే అంది. "సరే చేట్టా. దిండు మర్చిపోకండి."

*

వత్సల గదిలో పెద్ద బల్ల, బల్లకి ఒక పక్క వత్సల, ఆమె పక్కన కురియాకోస్. ఎదురుగా పవిత్రన్‌కి చేతుల కుర్చీ వేశారు. పక్కన రాధామణి. జిన్సి గోడ దగ్గర నిలబడి ఉంది. కూర్చోమని ఆమెని ఎవరూ అనలేదు. కిటికీ అద్దం మీద వాన జారుతోంది.

వత్సల మెల్లగా, శుభ్రంగా మాట్లాడింది. జరిగినదానికి ఆసుపత్రి చింతిస్తోందని, విచారణ చేశామని, బాధ్యుల మీద చర్య తీసుకున్నామని చెప్పింది. కురియాకోస్ తన అరచేతులు చూసుకుంటున్నాడు. కళ్ల కింద నల్లటి చారలు పడి ఉన్నాయి.

"జిన్సీ, ఈయన ముందే చెప్పు. ఏ వైపో నువ్వు డాక్టరుకి చెప్పావా?"

"అడిగాను మేడం."

"ఎవరైనా విన్నారా?"

జిన్సి తల పవిత్రన్ వైపు తిరగలేదు. తిరిగి ఉంటే అతను ఏం చేసేవాడో అతనికే తెలియదు. ఆమె కిటికీకేసి చూస్తూ అంది, "ఎవరూ వినలేదు మేడం."

"నేను విన్నాను," అన్నాడు పవిత్రన్.

గదిలో ఉన్న అందరికంటే ముందు రాధామణి తిరిగి చూసింది.

"మీరు మత్తులో ఉన్నారు కదా," అంది వత్సల. ఆమె గొంతు కటువుగా లేదు. "మత్తులో ఏవేవో వినిపించినట్టు అనిపిస్తుంది."

"మత్తు నడుం కిందికే ఇచ్చారు మేడం. చెవులకివ్వలేదు." లేచి నిలబడి మాట్లాడటం అలవాటు కాబట్టి లేవబోయాడు. కుట్లు లాగాయి. కూర్చునే మాట్లాడాడు. "డాక్టరుగారు కొత్తింటికి పెంకులేయించాలా వద్దా అని చెబుతున్నారు. అమ్మగారు వెయ్యమన్నారట, అబ్బాయి కోతులొస్తాయన్నాడట. అప్పుడు ఈ పిల్ల, సార్ కుడివైపు కదా అంది. ఈయనకి కుడి, ఇందాకటాయనకే ఎడమ అంది. డాక్టరుగారు కోప్పడ్డారు. ఏ వైపో నాకు నువ్వు చెప్పాలా అన్నారు. తర్వాత, ఏం లేదే ఇక్కడ, అన్నారు. ఇక మాట్లాడలేదు."

వత్సల కురియాకోస్ వైపు చూసింది. గది బయట ఎవరో ట్రాలీ తోసుకుపోతున్నారు. దాని ఒక చక్రం కీచుమంటూ దూరమైంది.

కురియాకోస్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అడిగింది," అన్నాడు. "ఆ అమ్మాయి అడిగింది వత్సలా."

"సార్, మీరు ఒకసారి ఆలోచించుకుని—"

"మూడు రోజులుగా అదే చేస్తున్నాను." ఆయన పవిత్రన్‌తో మాట్లాడుతున్నాడు ఇప్పుడు. "ముందాయనది ఎడమ. నా చేతులు అక్కడే ఉండిపోయాయి. కోశాక తెలిసింది. అక్కడే ఆగి తప్పయిందని చెప్పి, మీ ఒప్పుదల తీసుకుని కుడివైపు చెయ్యాల్సింది. నోరు రాలేదు. పేగు జారకుండా వేసే వల అక్కడే వేసి కుట్టేశాను. మీకు ఎడంవైపు ఏ జబ్బూ లేదు. మీ ఆవిడకి అబద్ధం చెప్పాను. తర్వాత ఈ అమ్మాయి మీదికి పోతుంటే ఊరుకున్నాను."

రాధామణి మాటలు ముందే తయారుచేసుకుని వచ్చింది. రాత్రంతా పేర్చుకున్న మాటలవి. తీరా ఆ మొహం చూశాక అందులో ఒక్కటే మిగిలింది.

"మొన్న పొద్దున నేనడిగినప్పుడే ఇది చెప్పి ఉంటే, నేను మీకు కాఫీ నీళ్లు కూడా పెట్టిచ్చి ఉండేదాన్ని సార్," అంది.

ఆయన తలూపాడు.

*

బయట వరండాలో జిన్సి గొడుగు తీసుకుంటోంది. ఆసుపత్రి వాళ్లు రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నారు. మళ్లీ విచారణ జరిగి తేలేదాకా ఆపరేషన్లు చెయ్యనని కురియాకోస్ తనే చెప్పాడు. పవిత్రన్ గోడ పట్టుకుని ఆమె దాకా నడిచి వెళ్లాడు. ఆమె ఏదైనా అంటుందని ఎదురుచూశాడు. ఏదో చల్లటి మాట.

"నిన్న నిద్రపట్టిందన్నారు," అంది జిన్సి.

"భయమేసింది తల్లీ."

"సరే, నిన్న భయం. బల్ల మీద?" ఆమె గొంతు పెరగలేదు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. "అంతా విన్నారు కదా. ఒక్క మాట, సార్ నాది కుడివైపు అని ఒక్క మాట అని ఉంటే మీ ఒంటి మీద ఈ కోత ఉండేది కాదు. నాకీ మూడు రోజులు ఉండేవి కావు. మా అమ్మ అప్పటి నుంచీ అన్నం ముట్టలేదు తెలుసా?"

"నువ్వు అడిగావుగా, చాలనుకున్నాను."

ఆమె గొడుగు గుండీ పెట్టడానికి చూసింది. తడిగుడ్డ మడతల్లో గుండీ అందలేదు. రాధామణి ఆ గొడుగు తీసుకుని, చుట్టి, గుండీ పెట్టి తిరిగి ఇచ్చింది.

"నేనూ అంతే చేట్టా," అంది జిన్సి గొడుగు అందుకుని. "ఒకసారి అడిగాను కదా, చాలనుకున్నాను. రెండోసారి అడగాల్సింది. ఆయన కసిరేసరికి కత్తి ఇచ్చేశాను. ఈ చేత్తోనే ఇచ్చాను."

మంచం దాకా రాధామణి అతని మోచెయ్యి పట్టుకుని నడిపించింది. దుప్పటి కప్పి, దిండు పొట్ట మీద పెట్టి, అప్పుడు అంది.

"నాకు కూడా చెప్పలేదు మీరు."

"లేదు."

"బజారంతా వినేలా అరుస్తారే! బడి వంటగదిలోకి వినపడుతుంది మీ గొంతు."

అతను దిండు అదిమి పట్టుకున్నాడు. దగ్గు వచ్చి కాదు.

*

వానలు కాస్త తెరిపిచ్చాక, ఎడంవైపు కోత గట్టిపడ్డాక, రెండో ఆపరేషన్ పెట్టారు. కొట్టాయం నుంచి వేరే సర్జన్ వచ్చాడు. చిన్నవాడు, చకచకా నడిచే మనిషి. పొద్దునే వార్డుకొచ్చి, పవిత్రన్ చేతనే చూపించమని, కుడి గజ్జ మీద తన కలంతో గుర్తు పెట్టి వెళ్లాడు.

కురియాకోస్ కూడా వచ్చాడు. మామూలు చొక్కాలో. మంచం పక్కన నిలబడి ఎలా ఉన్నావన్నాడు. బాగానే ఉన్నానన్నాడు పవిత్రన్. రాధామణి ఫ్లాస్కులోంచి శొంఠి కాఫీ గ్లాసులో పోసి ఆయనకిచ్చింది. ఆయన నిలబడే తాగి, గ్లాసు తనే కడిగి కిటికీలో బోర్లించి వెళ్లాడు.

మళ్లీ వెన్నులో సూది, మళ్లీ కాళ్లలో వేడి, మళ్లీ ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ తెర. ఈసారి అవతల కబుర్లేమీ లేవు. కొత్త సర్జన్ గొంతు వినిపించింది.

"అందరూ ఒక్క క్షణం ఆగండి. పేషెంట్ పేరు?"

"పవిత్రన్," అన్నాడు పవిత్రన్.

"ఏం ఆపరేషన్, ఏ వైపు?"

"పేగు జారింది. కుడివైపు."

"సరే. కత్తి."

చప్పుడు లేదు. లోహం చేతిలో పడే చప్పుడు రావాలి, రాలేదు.

"సార్, ఇంకోసారి," అంది జిన్సి. "ఏ వైపు?"

"ఇప్పుడే చెప్పాడు కదా సిస్టర్." సర్జన్ గొంతులో తొందర ఉంది. "గుర్తు కూడా కనిపిస్తోంది. ఇవ్వండి."

"కనిపిస్తోంది సార్. మళ్లీ అడుగుతున్నాను."

ఎక్కడో యంత్రం ఒకటి అతని గుండెతో పాటు టిక్కు టిక్కుమంటోంది. తెర అవతల చెయ్యి చాపి నిలబడ్డ మనిషినీ, ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డ పిల్లనీ పవిత్రన్ చూడకుండానే చూశాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. లారీ ఇంజను చప్పుడు మీద వినపడేట్టు మాట్లాడటం అలవాటైన గొంతు అది.

"కుడివైపు!" అన్నాడు. తల దగ్గర మత్తు డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "నాది కుడివైపు సార్! ఆ పిల్లని అడగనివ్వండి. ఎన్నిసార్లడిగినా చెబుతాను."

తెర అవతల సర్జన్ చిన్నగా దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"కుడివైపు," అన్నాడు ఆయన కూడా, ఈసారి నెమ్మదిగా. "సరేనా సిస్టర్?"

"సరే సార్," అంది జిన్సి. అప్పుడు వినిపించింది, లోహం అరచేతిలో పడిన చప్పుడు.